మిల్లు గేటుకు అంటించిన నోటీసు: రిట్టా, దావానా?

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు యజమాని ఒకరోజు పొద్దున్నే మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో గన్నీ సంచి. అందులో మూడు స్టాక్ రిజిస్టర్లు, రబ్బరు బ్యాండ్లు వేసిన ట్రక్ షీట్ల కట్టలు, గోదాములో బియ్యం దించినప్పుడు ఇచ్చిన రసీదులు. అన్నిటికన్నా పైన, నాలుగు మూలలా జిగురు మరకలున్న ఒక కాయితం.

“గేటుకు అంటిచ్చి పోయిండ్రు తమ్మీ. ఏడు దినాల్ల పైసలు కట్టకపోతే మిల్లు జప్తు జేస్తరట. ఇది హైకోర్టుల ఏస్తవా, నల్లగొండల ఏస్తవా?” అన్నాడు, కుర్చీలో కూర్చోకముందే.

“ముందు కూసో అన్నా, కాయితం చూడనీ” అన్నాను.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు గంటన్నర పట్టింది. లా చదువుతున్న మన పిల్లలు, కొత్తగా కోటు వేసుకున్న జూనియర్లు నన్ను తరచూ అడిగేది కూడా దాదాపు ఇదే: రాజ్యాంగం, రిట్లు (సర్కారు చర్య మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్లు), సర్కారు మీద కేసులు ఒక దారి, వ్యాపార ఒప్పందాలు, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తితో తీర్పు), డబ్బు దావాలు ఇంకో దారి, రెండిట్లో ఏది పట్టుకోవాలి అని. నల్లగొండ, పాలమూరు నుంచి వచ్చే వకీలుకు ఈ రెండూ వేర్వేరు దారులు కావని నా నమ్మకం. మన దగ్గర అతి పెద్ద కొనుగోలుదారు సర్కారే, అతి పెద్ద కాంట్రాక్టులిచ్చేదీ సర్కారే, భూములు తీసుకునేదీ సర్కారే. అందుకే వ్యాపార తగాదా అనుకుని ఫైలు తెరిస్తే లోపల రాజ్యాంగం కనబడుతుంది. రాజ్యాంగ ప్రశ్న అనుకుని తెరిస్తే బస్తాల లెక్క బయటపడుతుంది.

బస్తాల లెక్క, అధికారం లెక్క

ముందు ఆ నోటీసు వెనుక సంగతి చెప్పుకోవాలి. ఐకేపీ కేంద్రాల్లో, సహకార సొసైటీల్లో మద్దతు ధరకు కొన్న ధాన్యాన్ని ప్రభుత్వం మిల్లులకు పంపుతుంది. ధాన్యం సర్కారుదే. మిల్లరు దాన్ని మర ఆడించి బియ్యం అప్పగించాలి. దీన్నే సీఎంఆర్ అంటారు, అంటే కస్టమ్ మిల్డ్ రైస్. క్వింటా ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు రావాలని లెక్క. దానికో గడువు.

కాగితం మీద ఇది చాలా సులువు. క్షేత్రంలో కాదు. యాసంగి పంట ఎండలు ముదిరాక కోతకు వస్తుంది. ఆ గింజను పచ్చిగా మర ఆడిస్తే విరిగిపోయి నూక ఎక్కువవుతుంది. 2021-22లో కేంద్రం ఉప్పుడు బియ్యం తీసుకోనన్నప్పుడు రాష్ట్రమంతా అంత గొడవ జరగడానికి ఈ నూకే మూలం. అకాల వానకు కొనుగోలు కేంద్రంలోనే తడిసిన ధాన్యం మిల్లుకు వస్తుంది. బియ్యం సిద్ధమయ్యాక గోదాములో జాగా లేక లారీలు రోడ్డు మీద ఆగుతాయి. గడువు మాత్రం ఆగదు. ఇది మిల్లరు వైపు మాట. అటువైపు మాటా ఉంది: తనిఖీకి వెళ్తే ఉండాల్సిన బస్తాలు లేవు, సర్కారు ధాన్యం బయట అమ్ముకున్నారు అని. కొన్ని మిల్లుల విషయంలో అది నిజం కూడా. ప్రజల డబ్బుతో కొన్న ధాన్యం అది, దాని లెక్క అడిగే హక్కు సర్కారుకు తప్పకుండా ఉంది.

మా క్లయింటుకు వచ్చిన నోటీసులో ఈ గొడవ ఒక్క ముక్క లేదు. ఫలానా సీజనులో ఇంత తగ్గింది, దాని విలువ ఇంత, రెవెన్యూ రికవరీ చట్టం కింద వసూలు చేస్తాం, అంతే. జనం ఆర్‌ఆర్ యాక్ట్ అనేది దాన్నే. 1864 నాటి చట్టం, భూమి శిస్తు బకాయిలు రాబట్టడానికి మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టింది. కోర్టు డిక్రీ అక్కర్లేదు. బకాయి అని తేలితే చర, స్థిర ఆస్తులు జప్తు చేయొచ్చు.

ఆ “తేలితే” అన్న మాట దగ్గరే మొత్తం చిక్కు. ఎవరు తేల్చాలి?

నోటీసును బల్ల మీద పెట్టి నేను మూడు ప్రశ్నలు విడదీశాను. నిజంగా బియ్యం తగ్గిందా, ఎంత తగ్గింది? ఇది వాస్తవం. రిజిస్టర్లు చూడాలి, సాక్షుల్ని అడగాలి, తూకం వేసినవాణ్ని బోనెక్కించి క్రాస్ చేయాలి. సివిల్ కోర్టు పని. ఈ లెక్క తేల్చే ముందు మిల్లరును పిలిచి అడిగారా? ఇది న్యాయంగా నడుచుకున్నారా లేదా అన్న ప్రశ్న. ఒప్పందంలో ఒక పక్షంగా ఉన్నవాళ్లే ఎదుటివాడు ఒప్పందం తప్పాడని తీర్పు చెప్పుకుని, తామే నష్టం లెక్కగట్టి, తామే జప్తుకు దిగొచ్చా? ఇది అధికారం ప్రశ్న. చివరి రెండూ హైకోర్టువి.

మూడో ప్రశ్నకు సుప్రీంకోర్టు 1987లోనే జవాబు చెప్పింది. ఆ కేసు కూడా రైస్ మిల్లులదే. కర్ణాటకలోని తీర్థహళ్లి రామేశ్వర రైస్ మిల్స్ కేసు. అక్కడా సర్కారు ధాన్యం, మిల్లు పని, తేడా వస్తే నష్టం లెక్కగట్టి శిస్తు బకాయిలా వసూలు చేసుకోవచ్చన్న క్లాజు. మిల్లరు తాను ఒప్పందం తప్పానని ఒప్పుకుంటే సరే, తప్పలేదని వాదిస్తున్నప్పుడు మాత్రం ఆ సంగతి తేల్చాల్సింది ఒప్పందంలో ఒక పక్షమైన అధికారి కాదని కోర్టు చెప్పింది. తన తగాదాకు తానే జడ్జి కాకూడదన్న పాత సూత్రమే. నేను చదువుకున్న రోజుల్లో ఇది రాజ్యాంగ చట్టం పుస్తకంలోనూ లేదు, కాంట్రాక్టు చట్టం పుస్తకంలోనూ లేదు. రెండిటి మధ్య అరలో పడిపోయింది. మన ప్రాంతపు వకీలుకు కావాల్సిన తీర్పులు చాలావరకు ఆ మధ్య అరలోనే ఉంటాయి.

కాబట్టి నేను రాసిన రిట్‌లో అడిగినవి రెండే. వినకుండా ఇచ్చిన నోటీసు చెల్లదని ప్రకటించండి. కాగితాలు చూపించి, మా మాట విని, అప్పుడు నిర్ణయం తీసుకోమనండి. బియ్యం తగ్గలేదని తేల్చమని అడగలేదు. అడిగి ఉంటే ఎదుటి వకీలు లేచి “ఇవన్నీ వివాదంలో ఉన్న వాస్తవాలు, సివిల్ కోర్టుకు వెళ్లమనండి” అనేవాడు. జడ్జిగారు సరేననేవారు. కొత్త వకీళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బాధంతా అఫిడవిట్‌లో పోస్తారు, అడగాల్సిన ఒక్కటి ఆ వరదలో కొట్టుకుపోతుంది.

గీత ఎక్కడుంది?

ఆర్టికల్ 226 కింద హైకోర్టు అధికారం చాలా విశాలం. ఒప్పందం అనగానే రిట్ చెల్లదన్నది పాత మాట. 2003 డిసెంబర్‌లో ఏబీఎల్ ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు బాగానే తెరిచింది. ఒప్పందాల్లో కూడా రాజ్యం అడ్డగోలుగా ప్రవర్తించకూడదని, సాక్ష్యం తీయాల్సినంత వివాదం లేకపోతే రిట్ వినొచ్చని. అయితే తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన ప్రతి ఫైలూ లోపలికి వెళ్లదు.

నేను జూనియర్లకు బస్టాండులో షాపు ఉదాహరణ చెప్తాను. షాపు వేలంలో నిబంధనలు ఒకరి కోసం మార్చారంటే అది సమానత్వం ప్రశ్న, ఆర్టికల్ 14, రిట్. షాపు దక్కినవాడు కరెంటు బిల్లు ఎవరు కట్టాలని కొట్లాడితే అది ఒట్టి ఒప్పందం, రిట్ నిలవదు. అదే షాపుకు ఒక రాత్రి చెప్పాపెట్టకుండా తాళం వేస్తే? అప్పుడు మళ్లీ హైకోర్టు గుర్తుకురావాలి. అద్దెకిచ్చిన యజమానిగా కాకుండా సర్కారు తన బలం చూపించింది గనుక. ఒక్క షాపు, ఒక్క ఒప్పందం, మూడు గొడవలు. అవతలి పక్షం ఎవరన్నది చూసి ఆగిపోకూడదు, ఆ పని ఏ హోదాలో చేశారన్నది చూడాలి.

టెండర్లలోనూ ఇదే. 1994 నాటి టాటా సెల్యులార్ తీర్పు ప్రకారం కోర్టు చూసేది నిర్ణయం ఎలా తీసుకున్నారన్నది. ఎవరికి ఇస్తే బాగుండేదన్నది కోర్టు పని కాదు. బ్లాక్‌లిస్టులో పెట్టడం మాత్రం వేరు. అది కాంట్రాక్టరు బతుకుతెరువు మీద వేటు. ముందు ఇచ్చే షోకాజ్ నోటీసులో బ్లాక్‌లిస్టు చేయాలనుకుంటున్నామన్న సంగతి తెలిసేలా ఉండాలని 2014లో గూర్ఖా సెక్యూరిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసులో ఆ సంగతి లేకపోతే అక్కడే పట్టుకోవచ్చు.

రాజ్యాంగ చట్టం, కాంట్రాక్టు చట్టం రెండూ ఆలంపురం దిగువన తుంగభద్ర కృష్ణలో కలిసినట్టు కలిసిపోయిన తీర్పు ఒకటుంది. 2024 నవంబర్ 8న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చింది. సర్కారు సంస్థలు తమ కాంట్రాక్టుల్లో “తగాదా వస్తే ఆర్బిట్రేటరును మేమే నియమిస్తాం” అని రాసుకునేవి. ఆర్బిట్రేషన్ అచ్చంగా వ్యాపార వ్యవహారం. కోర్టు మాత్రం అలా ఒక్క పక్షమే నియమించే క్లాజును ఆర్టికల్ 14తో కొలిచి చెల్లదంది. ఆర్బిట్రేషన్ చేసే వకీలుకు రాజ్యాంగం ఎందుకని అడిగేవాళ్లకు నేను ముందు ఈ తీర్పు చదవమంటాను.

బిల్లు రాని కాంట్రాక్టరు, సరుకిచ్చిన చిన్న యూనిట్

మన జిల్లాల్లో రోజూ కనబడే కేసు ఇది. చెక్‌డ్యామ్ కట్టాడు, సీసీ రోడ్డు వేశాడు, బడికి గదులు కట్టాడు, బిల్లు రాలేదు. ఊరి పనులు చేయించి చెప్పులరిగేలా తిరిగే మాజీ సర్పంచులూ ఈ వరసలోనే ఉన్నారు. అప్పు తెచ్చి పెట్టిన డబ్బు, వడ్డీ నెలనెలా పెరుగుతుంది, ఇంట్లో టెన్షన్.

ఇక్కడ నేను మొదట అడిగేది ఎంబీ, అంటే మెజర్‌మెంట్ బుక్. ఇంజినీరు కొలతలు రాసి, పైఅధికారి చెక్ చేసి, బిల్లు పాసై, నిధులు లేక ఆగిందా? అప్పుడు బాకీ ఉందని సర్కారే ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్న బాకీని అకారణంగా ఆపకూడదని రిట్ వేయొచ్చు, చాలాసార్లు గడువు పెట్టి ఆర్డరు వస్తుంది. కొలతల్లోనే తేడా ఉంటే, పని నాణ్యత మీద అభ్యంతరం ఉంటే, రిట్ వేసి లాభం లేదు. దావా వేయాలి. సర్కారు మీద దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఒక భయం ఎప్పుడూ గుర్తుండాలి. ఇలాంటి డబ్బు దావాలకు కాలపరిమితి సాధారణంగా మూడేళ్లు. హైకోర్టులో రిట్ పెండింగులో ఉందని నిశ్చింతగా కూర్చుంటే, నాలుగేళ్ల తర్వాత “సివిల్ కోర్టుకు వెళ్లు” అని పంపిస్తే, రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద, మంచి నమ్మకంతో, శ్రద్ధగా తప్పు కోర్టులో గడిపిన కాలాన్ని మినహాయించమని అడగొచ్చు. అడగొచ్చు, అంతే. మంచి నమ్మకమో కాదో అప్పటి కాగితాలే చెప్పాలి. దాని మీద ఆధారపడి క్లయింటును నిద్రపుచ్చకూడదు.

సరుకు ఇచ్చేవాళ్ల సంగతి కొంచెం మెరుగు. జడ్చర్ల చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు అట్టపెట్టెలు, లేబుళ్లు, విడిభాగాలు ఇచ్చే చిన్న యూనిట్లు ఉన్నాయి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం, వాళ్లకు పెద్ద ఆయుధం. రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, సరుకు అందుకున్నాక చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆ చట్టం కింద ఏర్పాటైన ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తే అక్కడ మొదట రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్. అక్కడ వచ్చిన తీర్పు, అంటే అవార్డు, మీద కొనుగోలుదారు కోర్టుకు వెళ్లాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. ఈ ఒక్క షరతుతోనే చాలా కంపెనీలు మాట్లాడుకోవడానికి వస్తాయి. సరుకిచ్చే నాటికే ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) ఉండి తీరాలా అన్నదాని మీద సుప్రీంకోర్టులోనే భిన్నమైన అభిప్రాయాలు వచ్చాయి. అందుకే మా దగ్గరకు వచ్చే ప్రతి చిన్న వ్యాపారికీ గొడవ రాకముందే అది చేయించుకొమ్మని చెప్తాం.

భూమి పోయినవాళ్లు

పాలమూరులో ఈ వృత్తిలోకి వచ్చేవాడు భూసేకరణ తెలియకుండా నిలవలేడు. శ్రీశైలం జలాశయంలో ఊళ్లు మునిగిన కుటుంబాలకు ఇంటికో ఉద్యోగమన్న 98 జీవో 1986లో వచ్చింది. దశాబ్దాల తర్వాత కూడా ఆ కాగితం పట్టుకుని తిరుగుతున్నవాళ్లు కొల్లాపూర్ వైపు ఉన్నారు. ఆ తర్వాత పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల, డిండి. ప్రతి జలాశయానికీ కొన్ని ఊళ్లు.

2013 భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పల్లెల్లో మార్కెట్ విలువను ఒకటి నుంచి రెండింతల వరకు హెచ్చించి, దానికి చెట్లు, బోర్లు, ఇళ్ల విలువ కలిపి, మొత్తం మీద నూరు శాతం సొలేషియం, అంటే ఊరట కింద అదనపు పరిహారం, ఇవ్వాలి. ఆ చట్టం పక్కనుంచి నేరుగా కొనుగోలు చేయడానికి 2015లో తెచ్చిన 123 జీవోను 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి కొట్టేశారు. ఆ కేసు వేసింది సొంత భూమి లేని వ్యవసాయ కూలీలు. భూమి అమ్మినవాడికి డబ్బొస్తుంది, ఆ భూమి మీద కూలి చేసినవాడికి ఏమొస్తుందన్నది వాళ్ల ప్రశ్న. తర్వాత ఆ వివాదం అప్పీళ్లు, రాష్ట్ర సవరణల దాకా వెళ్లింది. కానీ ఆ ప్రశ్న వేసిన తీరు నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. రిట్ ఉన్నది అలాంటి ప్రశ్నల కోసమే.

అదే భూసేకరణలో “మా మామిడితోటకు తక్కువ కట్టారు” అన్నది రిట్ కాదు. అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) మీద సెక్షన్ 64 కింద రిఫరెన్సు, అంటే పరిహారం మళ్లీ తేల్చడానికి పై అథారిటీకి పంపమని, అడగాలి. అవార్డు చెప్పినప్పుడు మనిషి అక్కడే ఉంటే గడువు ఆరు వారాలే. నిర్వాసితులకు ఎక్కువగా పోయేది ఈ ఆరు వారాలు. చెక్కు తీసుకునేటప్పుడు అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాయాలని వాళ్లకు చెప్పేవాళ్లుండరు. ఊళ్లో ఒక్క యువ వకీలు ఉండి ఉంటే ఎన్ని కుటుంబాలు ఆ ఆరు వారాలు పోగొట్టుకోకుండా ఉండేవో అనిపిస్తుంది.

కమర్షియల్ కోర్టు గడియారం

ఇటువైపు వ్యాపార తగాదాలకు 2015లో కమర్షియల్ కోర్టుల చట్టం వచ్చింది. మొదట కోటి రూపాయల పైబడినవే. 2018 సవరణతో మూడు లక్షలకు దించారు. దాంతో ఇది మెట్రో నగరాల వ్యవహారం కాకుండా పోయింది. మిల్లుకు యంత్రాలు అమ్మినవాడి బాకీ, గోదాము లీజు తగాదా కూడా ఇందులోకి రావొచ్చు. లీజు విషయంలో ఆ ఆస్తి నిజంగా వ్యాపారానికి వాడుతుండాలని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అత్యవసర ఉత్తర్వులు అవసరం లేని దావాకు ముందు సెక్షన్ 12ఏ కింద మీడియేషన్‌కు వెళ్లి తీరాలి. 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసు తర్వాత ఇందులో మినహాయింపు లేదు. వెళ్లకుండా వేస్తే దావా ప్లెయింటు (దావా పత్రం) దగ్గరే తిరస్కరణకు గురవుతుంది. ఆ దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పెట్టుకోవచ్చు. ఆ కాలం లిమిటేషన్‌లోంచి మినహాయిస్తారు.

ప్రతివాది వైపు ఉంటే ఇంకా జాగ్రత్త. మామూలు దావాల్లో రిటన్ స్టేట్‌మెంట్, అంటే ప్రతివాది రాసిచ్చే జవాబు, ఆలస్యమైతే ఖర్చులు కట్టించి తీసుకోవడం చూస్తుంటాం. కమర్షియల్ దావాలో సమన్లు అందిన 120 రోజులు దాటితే ఆ హక్కే పోతుంది. జడ్జిగారు ఎంత మంచివారైనా తీసుకోలేరు. వాయిదాలకు అలవాటు పడిన సీనియర్లు కూడా ఇందులో దెబ్బతిన్నారు. కొత్త తరానికి ఇది మంచి అవకాశమని నేను గట్టిగా నమ్ముతాను. తేదీల మీద అదుపు ఉన్నవాడికి ఇక్కడ ఇంటిపేరు, పలుకుబడి అక్కర్లేదు.

మొదటి మూడేళ్లు ఎక్కడ?

లా అయిపోగానే అందరి చూపూ హైకోర్టు మీదే. 2019 జనవరి 1న తెలంగాణకు విడిగా హైకోర్టు ఏర్పడ్డాక అక్కడ మన జిల్లాల పిల్లలు బాగా పెరిగారు. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో తెల్లారి మొదటి బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగితే, మూసీ దాటి నడిచి వెళ్లేంత దూరం. హైకోర్టు బుద్వేల్‌లోని కొత్త భవనానికి మారాక ఈ నడక ఉండదు.

నా సలహా వేరు. మొదట రెండు మూడేళ్లు జిల్లా కోర్టులో ఉండండి. 2022 జూన్ 2 నుంచి రాష్ట్రంలో 33 జ్యుడీషియల్ జిల్లాలయ్యాయి. సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, నారాయణపేట ఎక్కడికక్కడ జిల్లా కోర్టులున్నాయి. సాక్షి ఎలా తడబడతాడో, ఎగ్జిబిట్ ఎలా మార్క్ చేస్తారో, స్టాంపు సరిపోని కాగితం ఎలా ఆగిపోతుందో చూడనివాడికి ఏది “వివాదంలో ఉన్న వాస్తవమో” ఎలా తెలుస్తుంది? రిట్‌కు, దావాకు మధ్య గీత ఆ అనుభవం నుంచే కనబడుతుంది. జడ్జి పరీక్ష రాయాలనుకునేవాళ్లకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత ఈ సలహాకు ఇంకో కారణం కూడా తోడైంది.

డబ్బు సంగతి దాచకూడదు. ఎన్‌రోల్‌మెంటుకు వేలకు వేలు వసూలు చేయకూడదని, జనరల్ వారికి 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలే చట్టబద్ధ రుసుమని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని అదే ఏడాది అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సీనియర్లకు సూచించింది. అది సూచనే, నిబంధన కాదు. మొదటి ఏడాది నాకు బస్సు పాస్ డబ్బులు కూడా ఇంటి నుంచే వచ్చేవి. రైతు కుటుంబం నుంచి, కూలి కుటుంబం నుంచి వచ్చిన పిల్లలు తెలివి లేక కాదు, ఈ మొదటి రెండేళ్లు గడవక వృత్తి వదిలేస్తున్నారు. జూనియరుకు జీతమివ్వగల సీనియర్లు ఇవ్వాలి. ఇది దయకు వదిలేసే విషయం కాదు.

ఇంకో భయం ఇంగ్లిష్. హైకోర్టులో వాదన, అఫిడవిట్ అన్నీ ఇంగ్లిష్‌లోనే. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు దీనికి కుంగిపోతారు. కానీ అసలు కాగితాలన్నీ తెలుగువే కదా. పహాణీలో “కబ్జాదారు” అని ఉంటే, రెవెన్యూ భాషలో ఆ భూమి అనుభవంలో ఉన్నవాడని అర్థం. పేపర్లలో వాడే కబ్జా వేరు. నగరంలో తయారైన ఒక అనువాదంలో దాన్ని ఆక్రమణదారుగా మార్చి, తన క్లయింటునే దొంగను చేసిన అఫిడవిట్ నేను స్వయంగా చూశాను.

మా మిల్లు కేసులోనూ అంత పనీ అయ్యేదే. మిల్లరు రాసిన ఒక లెటర్‌లో “తరుగు పోను అందిన ధాన్యం ఇంత” అని ఉంది. కొనుగోలు కేంద్రంలో తాలు, తేమ కింద బస్తాకు తీసేసేదాన్ని తరుగు అంటారని ఊళ్లో చిన్నపిల్లవాడికీ తెలుసు. టైపింగుకు వెళ్లిన డ్రాఫ్టులో అది “షార్టేజ్” అయి కూర్చుంది. అంటే తగ్గిందని మేమే ఒప్పుకున్నట్టు. దేవరకొండ నుంచి వచ్చిన మా జూనియరు, ఇంగ్లిష్ రాదని కోర్టు హాల్లో నోరు విప్పడానికి జంకే పిల్లవాడు, రాత్రి పదింటికి దాన్ని పట్టుకున్నాడు. పొద్దున లంచ్ మోషన్ అడగాలి. ఆ ఒక్క మాట మారకుండా వెళ్లి ఉంటే కేసు అక్కడే అయిపోయేది.

లంచ్ మోషన్ అంటే రేపటిదాకా ఆగలేని కేసును పొద్దున కోర్టు మొదలవగానే ప్రస్తావించి, అనుమతిస్తే అదే మధ్యాహ్నం వినిపించడం. గేటు మీద నోటీసు చూపించి, జప్తు గడువు ఎల్లుండితో ముగుస్తుందని చెప్పాం. మధ్యాహ్నం రెండున్నరకు కేసు వచ్చింది. జీపీ గారు, అంటే సర్కారు వకీలు, సివిల్ కోర్టుకు వెళ్లాలని వాదించారు. బస్తాల లెక్క మేము అడగడం లేదని, మా ప్రార్థన రెండు వాక్యాలేనని చూపించాం. కొంత మొత్తం నాలుగు వారాల్లో డిపాజిట్ చేయాలన్న షరతుతో స్టే వచ్చింది. తర్వాత నోటీసును పక్కన పెట్టి, రికార్డులిచ్చి మళ్లీ విచారించమన్నారు.

విచారణ జరిగిన రోజు మిల్లరు, జూనియరు కలిసి మూడు రిజిస్టర్లూ, ట్రక్ షీట్లూ వరసగా పెట్టుకుని ఒక్కో లారీ లెక్క చెప్పారు. సగానికి పైగా తేడా అక్కడే తీరిపోయింది. గోదాములో దించిన బియ్యం రసీదులు కొన్ని లెక్కలోకి ఎక్కనే లేదు. చివరికి ఆరు లారీల దగ్గర ఆగింది. ధాన్యం పంపామని వాళ్లు, మిల్లుకు చేరలేదని మేము. ట్రక్ షీట్ల మీద మిల్లు సంతకం లేదు, డ్రైవర్ల సంతకాలున్నాయి. ఇది డ్రైవర్లను పిలిచి అడిగితే తప్ప తేలదు.

కలెక్టరు కూడా పార్టీ కాబట్టి సెక్షన్ 80 నోటీసు పంపాం. మొత్తం మూడు లక్షలు దాటింది, పని మిల్లింగ్ సేవ, కాబట్టి 12ఏ దరఖాస్తు నల్లగొండ న్యాయ సేవాధికార సంస్థలో పెట్టాం. ప్లెయింటు దేవరకొండ పిల్లవాడే రాస్తున్నాడు. సాక్షుల జాబితాలో ఆరుగురు డ్రైవర్లలో నలుగురి పేర్లు రాసి, మిగతా ఇద్దరి అడ్రసుల కోసం మొన్న లారీ అసోసియేషన్ ఆఫీసుకు వెళ్లొచ్చాడు.